షోల్డర్ మీద ఆగిన లారీ: ఒక నగర టోల్ ఎక్స్‌ప్రెస్‌వే కేస్ స్టడీ

రాత్రిపూట ఎక్స్‌ప్రెస్‌వే అంచున, అత్యవసరంగా ఆగడానికి వదిలే షోల్డర్ పట్టీ మీద, ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దిందన్న వార్త తరచూ చూస్తూనే ఉంటాం. చివర్లో ఒక్క లైను ఉంటుంది: అతివేగమే కారణమని ప్రాథమిక సమాచారం. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగిందో మాత్రం ఎవరూ రాయరు. ఈ కేసులో మా పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

రోడ్డు పేరు, నగరం పేరు, నడిపే సంస్థ పేరు చెప్పడం లేదు. హైదరాబాద్ ఔటర్ (158 కి.మీ.), ఢిల్లీ పక్కనున్న ఈస్టర్న్ పెరిఫెరల్ (135 కి.మీ.) లాంటి రోడ్ల కోవలోదే గానీ ఆ రెండూ కాదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. నిర్ణయాల వెనకున్న ఆలోచన మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇలాంటి రోడ్ల మీద పనిచేసేవాళ్లకి పనికొచ్చేది అదే కాబట్టి.

నేపథ్యం

నగరం అంచున తిరిగే ఆరు లేన్ల రోడ్డు. రెండు పక్కలా కంచె, కంచె బయట సర్వీసు రోడ్డు. ఎక్కేచోట, దిగేచోట మాత్రమే ప్లాజాలు. ఎంత దూరం వెళ్తే అంత టోలు. టూవీలర్లకి, పాదచారులకి ప్రవేశం లేదు. ప్రభుత్వ సంస్థతో ఒప్పందం చేసుకుని ఒక ప్రైవేటు సంస్థ రోడ్డుని నడుపుతోంది. గుంత పడితే ఎంతసేపట్లో పూడ్చాలి, లైటు ఆరితే ఎప్పటికి మార్చాలి, ఫోన్ వస్తే పెట్రోలింగ్ బండి ఎన్ని నిమిషాల్లో చేరాలి అన్నీ ఒప్పందంలో రాసి ఉన్నాయి. తప్పితే జరిమానా. రోడ్డు భద్రత ఆడిట్ చేసే ఇంజినీరుగా నన్ను పిలిచారు.

నగరంలోకి పగలు భారీ వాహనాలకి నో ఎంట్రీ. రాత్రి ఒక వేళ దాటాక వదులుతారు, తెల్లారేసరికి మళ్లీ ఆపేస్తారు. చాలా నగరాల్లో ఉన్న నిబంధనే. పైకి దీనికీ ఎక్స్‌ప్రెస్‌వేకీ సంబంధం లేనట్టే ఉంటుంది. నగరం లోపలి రోడ్లు ట్రాఫిక్ పోలీసులవి, రింగు రోడ్డు టోల్ సంస్థది. ఒకరి నిబంధన రెండోవాళ్ల రోడ్డు మీద ఏం చేస్తోందో లెక్క చూసేవాళ్లే లేరు.

సమస్య

మార్కెట్ యార్డు, గోడౌన్లు ఉన్న వైపుకి దిగే ఒక ఇంటర్‌ఛేంజ్ (ర్యాంపుల మీదుగా వేరే రోడ్లలోకి దిగే, ఎక్కే కూడలి). దానికి ముందున్న కొద్ది కిలోమీటర్లలోనే వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు పదే పదే జరుగుతున్నాయి. దాదాపు అన్నీ చీకటి పడ్డాకే. ఎఫ్‌ఐఆర్‌లలో "అతివేగం, అజాగ్రత్త". కంట్రోల్ రూమ్ రిజిస్టర్‌లో ఆగిన లారీ గురించి "బ్రేక్‌డౌన్". ఆ రెండు మాటలతో ఫైలు మూసేస్తే చేయగలిగేది ఏమీ మిగలదు. ఒకటి డ్రైవరు తప్పు, రెండోది ఖర్మ.

దేశం మొత్తం మీద కూడా ఇది చిన్న సంగతి కాదు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఢీకొట్టిన తీరుని బట్టి చూస్తే వెనక నుంచి గుద్దుకున్న ప్రమాదాలదే మొదటి స్థానం.

మొదట తేల్చుకోవాల్సింది: వేగం మీద పనిచేయాలా, ఆగిన బండి మీదా? సంస్థ వాళ్లు వేగం వైపే మొగ్గారు, ఎఫ్‌ఐఆర్‌లు అదే చెబుతున్నాయి గనక. నేను లెక్క వేసి చూపించాను. గంటకి 100 కి.మీ. వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి 2.5 సెకన్లు పడుతుందని, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క కడుతుంది. అంటే బ్రేకు పడేలోపే 70 మీటర్లు పోతుంది. పూర్తిగా ఆగడానికి 180 మీటర్లు కావాలి. డిప్ లైటులో స్పష్టంగా కనిపించేది యాభై అరవై మీటర్లు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకి గరిష్ఠ వేగం 120 అని కేంద్రం 2018లోనే నోటిఫై చేసింది. అంటే నిబంధన ప్రకారమే వెళ్తున్న కారు కూడా, లైట్లు ఆర్పేసి ఆగి ఉన్న లారీ ముందు నిస్సహాయమే. వేగం తగ్గించడం అవసరమే, కానీ అది ఒక్కటే చాలదు. పైగా ఆ దారిన రాత్రంతా వేల కార్లు వెళ్తాయి, ఆగే లారీలు పదుల్లో ఉంటాయి. పదుల సంఖ్యలో ఉన్నవాళ్ల ప్రవర్తన మార్చడమే మా చేతిలో ఉన్న పని అనిపించింది.

షోల్డర్ మీద ఆగితే లేన్‌కి అడ్డం రాదు కదా అని ఒకరు అడిగారు. టేపు పట్టుకెళ్లి కొలిచాం. పక్కా షోల్డర్ వెడల్పు 3 మీటర్లు. లారీ బాడీ దాదాపు రెండున్నర. ఎడమ పక్కన, బండి రోడ్డు దాటి పోకుండా ఆపే క్రాష్ బ్యారియర్. టైర్లు చూసుకోవడానికి, పట్టా తాళ్లు బిగించుకోవడానికి, క్లీనర్ దిగడానికి డ్రైవర్లు ఆ బ్యారియర్‌కి అర మీటరైనా వదిలి ఆపుతారు. అప్పుడు కుడి వైపు టైరు సరిగ్గా తెల్ల గీత మీదకి వస్తుంది. అద్దం లేన్‌లోకి పొడుచుకొస్తుంది. డ్రైవరు సీటు కుడివైపు కాబట్టి తలుపు తీసి ఆయన కాలు పెట్టేది కూడా వాహనాలు వెళ్లే లేన్‌లోనే. షోల్డర్ మీద లారీ సురక్షితంగా ఉందనుకోవడం అలా టేపు దగ్గరే తప్పని తేలింది.

ఎందుకు ఆగుతున్నాయి

రిజిస్టర్‌లో "బ్రేక్‌డౌన్" అని ఉన్న ప్రతిదాన్నీ నమ్మడం మానేసి, సీసీటీవీ నిల్వ ఉన్నంతమేరకు వెనక్కి తిప్పి చూశాం. బానెట్ ఎత్తిన బండి ఎక్కడో ఒకటి. మిగతావి వచ్చి ఆగాయి, లైట్లు ఆరిపోయాయి, చాలాసేపటికి వాటంతటవే బయల్దేరాయి.

కెమెరాలు అన్నిచోట్లా లేవు కాబట్టి మరో ఆధారం కావాల్సొచ్చింది. అది టోలు లెక్కల్లోనే దొరికింది. ఇలాంటి రోడ్డు మీద ప్రతి బండీ ఎక్కిన సమయం, దిగిన సమయం ఫాస్టాగ్ వ్యవస్థలో పడతాయి. బండి నంబర్లు తీసేసి సమయాలు మాత్రమే ఇమ్మని అడిగాం. అరగంటలో దాటాల్సిన దూరానికి లారీ రెండున్నర గంటలు తీసుకుందంటే మధ్యలో ఎక్కడో ఆగినట్టే. ఈ అదనపు సమయాన్ని గంటలవారీగా గీస్తే గ్రాఫ్ సాయంత్రం నుంచి ఎక్కుతూ పోయి, నో ఎంట్రీ ఎత్తేసే వేళకి ఒక్కసారిగా పడిపోయింది. బండ్లు చెడిపోవడానికి గడియారంతో పనేముంది? ఇవి చెడిపోయిన లారీలు కావు, వేచి చూస్తున్న లారీలు. ఇలాంటి రోడ్లు నడిపేవాళ్లు ఎవరైనా ఈ పద్ధతి వాడుకోవచ్చు. కొత్త పరికరం ఒక్కటీ కొననక్కర్లేదు.

ఆ తర్వాత డ్రైవర్లతో మాట్లాడాం. యూనిఫాం వేసుకున్నవాళ్లని వెంట తీసుకెళ్లకుండా, ప్లాజా దాటాక టీ కొట్టు దగ్గర కూర్చుని. మిర్చి లోడుతో వచ్చిన ఒక పెద్దాయన చెప్పింది నోట్సులో ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "కిందికి దిగితే సర్వీసు రోడ్డు మీద పోలీసు ఆపనియ్యడు సార్. ఆపనిచ్చినా, కునుకు తీసి లేచేసరికి ట్యాంకులో డీజిల్ ఉండదు. పైనైతే కంచె ఉంది, మనిషి రాడు. పైన ఆపితే మీ బండి వస్తది, చలానా అంటది. మరి నన్ను ఎక్కడ ఉండమంటారు?"

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. దారి పొడవునా లారీ నిలబెట్టుకోవడానికి చట్టబద్ధమైన చోటు ఒక్కటీ లేదు. ఇంకో కారణం కూడా ఆ మాటల్లోనే బయటపడింది. దిగేచోట బోర్డు మీద ఊరి పేరు ఉంది. డ్రైవరుకి తెలిసింది మాత్రం "మార్కెట్ యార్డు", "గోడౌన్లు". తప్పు దారిలో దిగితే మళ్లీ ఎక్కి మళ్లీ టోలు కట్టాలి. అందుకని ర్యాంపు ముందు ఆపి పార్టీకి ఫోన్ చేసి దారి కనుక్కుంటున్నారు. ర్యాంపు విడిపోయే ఆ త్రికోణం రోడ్డు మొత్తంలోకీ ప్రమాదకరమైన చోటు.

పనిచేయనివి

మేం వచ్చేముందు సంస్థ పెట్రోలింగ్ పెంచింది, పోలీసుల్ని అడిగి చలానాలు వేయించింది. ఆలోచన తప్పు కాదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆపడం నిబంధనలకి విరుద్ధమే. కానీ ఆగక తప్పని మనిషి మీద జరిమానా పడితే ఆగడం మానడు, కనిపించకుండా ఆగుతాడు. అదే జరిగింది. లారీలు కెమెరా అందని చోటికి, ఓవర్‌బ్రిడ్జి నీడలోకి, మలుపు అవతలికి జరిగాయి. పెట్రోలింగ్ బండి కంటపడకుండా పార్కింగ్ లైట్లు కూడా ఆర్పేయడం మొదలుపెట్టారు. చలానా ముందు లారీకి కనీసం మిణుకు మిణుకుమనే ఇండికేటరు ఉండేది, చలానా తర్వాత అదీ పోయింది. రిజిస్టర్‌లో చలానాల సంఖ్య మాత్రం బాగా కనిపించింది, అందరూ పని జరుగుతోందనే అనుకున్నారు.

తర్వాత ఇంటర్‌ఛేంజ్ ముందు షోల్డర్ మీద వరసగా డ్రమ్ములు పెట్టారు. ఆగడానికి చోటే లేకపోతే ఆగరు కదా అని. వేచి చూసే లారీలు కొంచెం వెనక్కి జరిగాయి, అంతే. కానీ నిజంగా టైరు పేలిన బండికి పక్కకి తప్పుకునే దారి మూసుకుపోయి, లేన్‌లోనే నిలబడిపోయింది. నేను వెళ్లాక రాసిన మొదటి సిఫార్సు ఆ డ్రమ్ములు తీసేయమనే. షోల్డర్ అత్యవసరానికి ఉన్నది. దాన్ని మూసే ఏ ఉపాయమైనా ఒక ప్రమాదాన్ని తప్పించి అంతకన్నా పెద్దదాన్ని తెస్తుంది.

రోడ్డంతా లైట్లు వేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. బాగా కనిపించే పనే, ప్రారంభోత్సవానికీ బాగుంటుంది. కానీ ఏటేటా కరెంటు బిల్లు, దొంగలు కోసుకుపోయే కేబుళ్లు, స్తంభాల నిర్వహణ అన్నీ టోలు డబ్బుల్లోంచే రావాలి. పదేళ్లు మోయగలమా అన్నది ఏ పనికైనా నేను మొదట అడిగే ప్రశ్న. ఇంటర్‌ఛేంజ్‌లు, ర్యాంపులు, ప్లాజాలు, కొత్తగా కట్టబోయే లారీ బే (లారీలు ఆగే చోటు) దగ్గర ఎల్‌ఈడీలు చాలన్నాం. మిగతా రోడ్డుకి మెరిసే గీతలు, క్యాట్ ఐలు (వెలుగు పడితే మెరిసేలా రోడ్డు మీద బిగించే దిమ్మెలు), డెలినేటర్లు (అంచున నిలబెట్టే మెరిసే గుంజలు).

పనిచేసినవి

ముందుగా లారీలకి చోటు. రోడ్డు కట్టినప్పుడు కాంక్రీటు ప్లాంటుకి వాడిన స్థలం ఇంటర్‌ఛేంజ్‌కి కొంచెం ముందు, కంచె లోపలే ఖాళీగా పడి ఉంది. ప్లాజా దాటాక బయట కడితే సర్వీసు రోడ్డు భయాలే మళ్లీ వస్తాయి. కంచె లోపలైతే కాపలా తేలిక. ర్యాంపుకి ముందే ఉండాలన్నది మా రెండో షరతు, దిగబోయేవాళ్లు ఆగి దారి తెలుసుకుని వెళ్లేలా. మరీ దగ్గరగా ఉంటే బే నుంచి బయటికొచ్చే లారీ, ర్యాంపు కోసం ఎడమకి జరిగే కారు ఒకదానికొకటి అడ్డం పడతాయి. అందుకే స్థలంలో వెనక భాగాన్నే తీసుకుని, లోపలికి వచ్చేటప్పుడు వేగం తగ్గించుకునే లేన్, బయటికి వెళ్లేటప్పుడు వేగం అందుకునే లేన్ పొడుగ్గా ఇచ్చాం.

డబ్బు దగ్గర పని కొంతకాలం ఆగింది. ఒప్పందంలో లారీ బే అన్న మాటే లేదు, సంస్థ ఎందుకు ఖర్చు పెట్టాలి? ఖర్చుల పద్దులోంచే సమాధానం తీశాం. గుద్దినప్పుడల్లా బ్యారియర్ మార్పు, క్రేను, గంటల తరబడి లేన్ మూసివేత, ఆ జామ్ చూసి కిందినుంచే పోయే కార్ల వల్ల తగ్గే టోలు. దానికి తోడు 2019 సవరణ తర్వాత మోటారు వాహన చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది: భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో జరిగితే రోడ్డు నిర్వహించే సంస్థ కూడా జవాబుదారీ అవుతుంది. అందులోని లక్ష రూపాయల జరిమానా పెద్ద కంపెనీకి లెక్కలోది కాకపోవచ్చు, కోర్టులో సమాధానం చెప్పుకోవడం మాత్రం లెక్కలోదే. చివరికి ఒకేసారి కాంక్రీటు వేయకుండా, ముందు కంకర పరిచి, లైట్లు, నీళ్లు, మరుగుదొడ్లు, ఒక కాపలాదారుతో మొదలుపెట్టేలా ఒప్పించాం. లారీలు రాకపోతే పోయేది కంకరే. వస్తే ఆ లెక్కలు చూపించి ప్రభుత్వ సంస్థని పక్కా పనికి అడగొచ్చు.

పార్కింగ్ ఫీజు పెట్టాలని అకౌంట్స్ విభాగం పట్టుబట్టింది. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే అడ్డుపడ్డాను. బే పక్కనే మూడు మీటర్ల షోల్డర్ ఉచితంగా ఉంది. దానితో పోటీ పడాలంటే బే కూడా ఉచితంగానే ఉండాలి. టీ కొట్టు, పంక్చర్ షాపు అద్దెలతో నీళ్లు, శుభ్రత ఖర్చు కొంతవరకు గడుస్తుందని లెక్క చూపించాం. ఒప్పుకున్నారు.

బే తెరిచాక చలానాలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వాటికి అర్థం ఉంది. పెట్రోలింగ్ కుర్రాడు "ఇక్కడ ఆపొద్దు" అనే బదులు "ముందర బే ఉంది, అక్కడ ఆపన్నా" అనగలుగుతున్నాడు. చాలామంది ఆ ఒక్క మాటకే కదిలారు. దిగే బోర్డు మీద ఊరి పేరు కింద మార్కెట్ యార్డు, గోడౌన్లు అని చేర్చి, బే లోపల ఏ ర్యాంపులో దిగితే ఎటు వెళ్లొచ్చో పెద్ద పటం పెట్టించాం. బేలో ఆగిన లారీ వెనక రిఫ్లెక్టివ్ టేపు చినిగిపోయి ఉంటే అక్కడే ఉచితంగా అంటించాం. వెనక ఎర్ర టేపు నిబంధన ప్రకారం ఉండాల్సిందే, కానీ దుమ్ము, తారు పట్టి చాలా బండ్లకి అది ఉన్నా లేనట్టే. పాత గుడ్డతో తుడిస్తేనే మళ్లీ మెరిసినవి కూడా ఉన్నాయి.

ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడి నో ఎంట్రీ ఎత్తేసే వేళని ఎక్స్‌ప్రెస్‌వే మీది డిజిటల్ బోర్డుల్లో చూపించేలా చేశాం. వేళ తెలిస్తే వెనక ధాబా దగ్గరే భోంచేసి, కునుకు తీసి వస్తారు. పండగ రోజుల్లో ఆ వేళలు మారితే కంట్రోల్ రూమ్‌కి ముందే చెప్పడం కూడా ఆ మాటల్లోనే కుదిరింది. రెండు విభాగాల మధ్య ఒక ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

పెట్రోలింగ్ వాళ్ల ప్రాణాలు

ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. 2022 అక్టోబరు 5 తెల్లవారుజామున ముంబయి బాంద్రా–వర్లీ సీ లింక్ మీద, అంతకుముందు జరిగిన ప్రమాదంలో సాయానికి వచ్చి ఆగిన అంబులెన్స్‌నీ ఇతర వాహనాల్నీ వేగంగా వచ్చిన కారు గుద్దింది. ఐదుగురు చనిపోయారు. సాయానికి వెళ్లినవాళ్లే బలైపోయే ప్రమాదం ప్రతి ఎక్స్‌ప్రెస్‌వే మీదా ఉంది.

మా రోడ్డు మీద పెట్రోలింగ్ వాళ్లు ఏం చేస్తున్నారో ఒక రాత్రి వెనకే ఉండి చూశాం. లారీని దాటి ముందు ఆపుతున్నారు, అప్పుడు వాళ్ల లైట్లు లారీ చాటున పడి వెనక వచ్చేవాళ్లకి కనిపించవు. దిగి నేరుగా లారీ కుడి తలుపు దగ్గరికి, అంటే లేన్‌లోకి నడుస్తున్నారు, డ్రైవరు అటే కూర్చుంటాడు గనక. ఎందుకిలా అంటే, ఒప్పందంలో కొలిచేది చేరిన సమయాన్ని. చేరి ఫోటో పంపితే పని అయిపోయినట్టే.

పద్ధతి మార్చాం. బండి లారీకి బాగా వెనక ఆగాలి, పక్కకి తప్పుకోమని చూపే బాణం బోర్డు వెలగాలి. ఎడమ తలుపులోంచి దిగి, బ్యారియర్ అవతలి నుంచి వెనక్కి నడుస్తూ కోన్‌లు పెట్టాలి. వాహనాలకి ఎదురుగా చూస్తూనే పెట్టాలి. అదంతా అయ్యాకే క్లీనర్ వైపు నుంచి డ్రైవరుతో మాట. గుద్దినా దెబ్బని తనలోకి తీసుకునే అటెన్యుయేటర్ అమర్చిన ట్రక్కు ఒకటి తెప్పించి, రాత్రుళ్లు ఇంటర్‌ఛేంజ్ దగ్గరే ఉంచాం. బండి చెడిపోతే డ్రైవర్లు వెనక రాళ్లు, కొమ్మలు పెట్టి, బాగయ్యాక అలాగే వదిలేసి వెళ్తారు. ఆ రాళ్లు ఏరి బ్యారియర్ బయట పడేయడం కూడా డ్యూటీలో రాశాం.

దీనితోపాటు కొలమానం మార్చాలని కోరాం: బండి చేరిన సమయం కాదు, ఆగిన బండి రోడ్డు అంచున ఎంతసేపు రక్షణ లేకుండా ఉంది అన్నది కొలవాలి. వెనక బాణం బోర్డు వెలిగే వరకు ఒక లెక్క, బండిని తీసేసే వరకు ఇంకో లెక్క. ఒప్పందం మార్చడం మా చేతిలో లేదు. సంస్థే తన కంట్రోల్ రూమ్‌లో ఈ లెక్క రాయడం మొదలుపెట్టింది, పెట్రోలింగ్ సిబ్బంది ప్రోత్సాహకాన్ని దీనికి ముడిపెట్టింది.

ఫలితం, మిగిలినవి

ఫాస్టాగ్ గ్రాఫ్‌లో అదనపు సమయం పోలేదు, పోవాలని మేం అనుకోలేదు కూడా; లారీలు ఇంకా వేచి చూస్తూనే ఉన్నాయి, కాకపోతే బేలో. షోల్డర్ మీద ఆగేవి బాగా తగ్గాయని కెమెరాలు చూపించాయి. ఆ కొద్ది కిలోమీటర్లలో ఆగిన లారీని గుద్దిన ప్రమాదాలు మామూలు సంగతిగా ఉండేవి, అరుదైపోయాయి. అయితే అదే కాలంలో లేన్ గీతలు కూడా కొత్తగా వేశారు. ఎంత మేలు దేనివల్లో విడదీసి చెప్పడం నిజాయితీ కాదు.

పండగ ముందు రోజుల్లో, యార్డుకి సరుకు పోటెత్తే కాలంలో బే నిండిపోయి లారీలు మళ్లీ షోల్డర్ మీదకి వస్తాయి. నిండితే వెనకున్న డిజిటల్ బోర్డు మీద ముందే చూపించమన్నాం. ఇది లెక్కపెట్టేవాడి శ్రద్ధ మీద ఆధారపడి ఉంది, రాత్రి రెండింటికి ఆ శ్రద్ధ ఉండటం కష్టం. ఒకచోట కంచె ఎన్నిసార్లు కట్టినా తెగుతోంది, వానాకాలం అండర్‌పాస్‌లో నడుంలోతు నీళ్లు నిలిచి పనివాళ్లకి రోడ్డు దాటడానికి వేరే దారి లేక. అక్కడ కూడా కంచె కన్నా ముందు నీళ్లు తోడే మోటారు, కాలువ బాగు చేయమనే రాశాను. ఆ పని ఇంకా కాలేదు.

రెండో ఇంటర్‌ఛేంజ్‌కి కూడా ఇదే చేయమని అడుగుతున్నారు. అక్కడ కంచె లోపల ఖాళీ స్థలం లేదు. బయట ప్రైవేటు లారీ యార్డు ఒకటి ఉంది, దాని యజమానితో మాటలు నడుస్తున్నాయి. లారీ అక్కడ దిగి, ఆగి, అదే రాత్రి మళ్లీ ఎక్కితే దిగకుండా వెళ్లినట్టే లెక్కగట్టి టోలు తీసుకోవాలన్నది మా ప్రతిపాదన. సాఫ్ట్‌వేర్‌లో అది చిన్న మార్పే. ప్రభుత్వ సంస్థ ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాం.